కనకదుర్గ ఆంటీ నోరు

మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో కనకదుర్గ ఆంటీని పిలవని తెలుగు ఇల్లు లేదు, పిలిచాక నాలిక కరుచుకోని ఇల్లూ లేదు. మనిషి మంచిది. చేతి వంట అమృతం. ఎవరికి జ్వరమొచ్చినా మిరియాల చారు పట్టుకుని అందరికంటే ముందు గుమ్మంలో నిలబడేది ఆవిడే. వచ్చిన చిక్కల్లా నోటితోనే. ఒక పెద్ద ఇంజనీరుగారి గృహప్రవేశానికి వెళ్ళి, మేడంతా తిరిగి చూసి, పదిమందిలో నిలబడి, "ఉన్నది ముగ్గురు, బాత్రూములు అయిదు. ఎవరికైనా ఒంట్లో బాగుండటం లేదా నాయనా?" అని అడిగింది. ఆ ఇంజనీరుగారు ఇప్పటికీ ఇండియన్ స్టోర్‌లో ఆవిడ కనపడితే పప్పుల వరసలోంచి నూనెల వరసలోకి తప్పుకుంటాడు.

ఆవిడది చీరాల. పెళ్ళయి ఇక్కడికొచ్చి ముప్ఫై అయిదేళ్ళు దాటింది. భర్త పరంధామయ్య కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో మెషీన్ మీద పనిచేసేవాడు. పిల్లలు లేరు. ఇంట్లో ఊరికే కూర్చోలేక ఆవిడ దగ్గర్లోని ఎలిమెంటరీ స్కూల్ కెఫెటేరియాలో చేరింది. నెత్తిన వల టోపీ పెట్టుకుని, చేత్తో గరిటె పట్టుకుని పదిహేడేళ్ళు పిల్లలకు లంచ్ వడ్డించింది. లంచ్ లేడీ మనకు తెలిసినావిడే అని చెప్పుకోవడానికి మిగతా ఆడవాళ్ళకు సిగ్గేసేది కానీ, ఆవిడకు ఏ సిగ్గూ లేదు. "మీ పిల్లల్ని కన్నది మీరైనా మధ్యాహ్నం పూట మేపింది నేను" అనేది.

తొమ్మిదేళ్ళ కిందట పరంధామయ్య పోయాడు. ఫ్యునరల్ హోమ్‌లో పెట్టె మూయబోతుంటే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, "ఒక్కసారి ఆయన జేబులు చూడండి. టీవీ రిమోట్ వారం నుంచి కనపడటం లేదు" అంది. సగం మంది ఎక్కడ నవ్వొస్తుందోనని తల దించుకున్నారు. మిగతా సగం మంది ఆ రోజే తీర్మానించుకున్నారు, ఈవిడను చావులకు పిలవకూడదని. చావుకు పిలుపులేమిటి, తెలిస్తే వెళ్ళడమే కదా అంటారేమో. ఇక్కడ కబురు తెలిసేదే వాట్సాప్ గ్రూపులో. అందులో లేని మనిషి ఊళ్ళో లేనట్టే.

ఈ కథ మాయకు తెలిసినంత మటుకు చెబుతాను, ఎందుకంటే ఆ రోజు జరిగింది కళ్ళారా చూసినది ఆ పిల్లే. మాయ ఇక్కడే పుట్టింది. ఇరవై తొమ్మిదేళ్ళు. ఆనార్బర్ యూనివర్సిటీలో పాత గ్రీకు చదువుతూ డాక్టరేట్ చేస్తోంది. ఆ మాట వినగానే మనవాళ్ళు, "మరి తర్వాత ఏం చేస్తావమ్మా?" అని జాలిగా అడుగుతారు. ఆ గ్రీకు కథల్లోని వీరులూ దేవతలూ మాయకు పట్టరు. రెండు పంక్తుల్లో వచ్చి పోయే మనుషులంటే ఆమెకు ప్రాణం. మిద్దె మీద పడుకుని, నిద్రమత్తులో నిచ్చెన మరిచిపోయి, కింద పడి చచ్చిపోయిన పడవవాడు. కాళ్ళు కడుగుతూ పాత మచ్చను చూసి యజమానిని పోల్చుకున్న ముసలి దాది. యుద్ధంలో ఈటె తగిలి కూలేటప్పుడు తప్ప పేరైనా వినపడని కుర్రాళ్ళు. మన పురాణాల్లో మాత్రం గుర్రాలకు నీళ్ళు పెట్టినవాడి పేరు ఎవరికి తెలుసు?

వాళ్ళందరిలో మాయకు ఎక్కువ ఇష్టమైనది ఇయాంబే అనే పనిమనిషి. పంటల తల్లి కూతుర్ని పాతాళపు రాజు ఎత్తుకుపోతాడు. ఆ తల్లి దేవతారూపం దాచుకుని, ముసలిదానిలా తిరిగి తిరిగి, ఒక రాజుగారి ఇంటికి చేరుతుంది. ముసుగు కప్పుకుని కూర్చుంటుంది. తినదు, తాగదు, పలకదు. ఆ ఇంట్లో పనిచేసే ఇయాంబే ఒక పీట వేసి, మీద గొర్రెతోలు పరిచి, కూర్చోబెట్టి, ఏవో పరాచికాలాడి ఆ తల్లిని నవ్విస్తుంది. అంతటితో ఇయాంబే పని అయిపోతుంది, కథలో మళ్ళీ కనపడదు. ఆ పరాచికాలేమిటో ఈ కథ ఉన్న పాత గ్రీకు స్తోత్రం చెప్పదు. కూతురు పోయిన తల్లిని నవ్వించే మాట ఏముంటుందని మాయ రెండేళ్ళుగా వెతుకుతోంది. అలాంటి మాట లోకంలో ఉండదని, ఆ కవికీ తెలియకే దాటేశాడని ఆమెకు గట్టిగా అనిపించడం మొదలైంది.

అప్పుడే ఆద్య పోయింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల, కాలేజీలో మొదటి సంవత్సరం. ఫిబ్రవరిలో వారాంతానికని ఇంటికి వస్తుంటే ఫ్రీవే మీద మంచుకు కారు జారింది. తల్లి రేణు, తండ్రి జగన్మోహన్, వాళ్ళకు ఆ పిల్ల ఒక్కతే. ఆద్య చిన్నప్పుడు తల్లిదండ్రులు ఎక్కడికైనా వెళ్తే చూసుకున్నది మాయే. షూ లేసులు కట్టుకోవడం నేర్పింది మాయే.

మంగళవారం అంత్యక్రియలయ్యాయి. ఆ ఇంట్లో పొయ్యి వెలగదు కాబట్టి ఎవరు ఏ పూట భోజనం తేవాలో షీట్ పెట్టే పని మాయ తీసుకుంది. కొత్తది తయారుచేసే ఓపిక లేక, తెలుగు సంఘం వాళ్ళు పోయినేడు వాడిన షీట్ ఒకటి కాపీ చేసి, తేదీలు మార్చి, గ్రూపులో పెట్టేసింది. అది ఉగాది షీట్. పులిహోర, బొబ్బట్లు, పాయసం అని వరసగా గళ్ళున్నాయి. మాయకు అవన్నీ తిండే, తేడా తెలియదు. తెలిసినవాళ్ళు, ఎవరో పెద్దవాళ్ళు ఆలోచించే పెట్టి ఉంటారులే అనుకున్నారు. మూడు గంటల్లో షీట్ నిండిపోయింది. గురువారం పొద్దున, బిడ్డ పోయిన ఇంటి గుమ్మంలో అరవై బొబ్బట్లు దిగాయి.

లక్ష్మీకాంతం ఆంటీ ఫోన్ చేసింది. మన ఊరి తెలుగు ఇళ్ళల్లో శుభానికైనా అశుభానికైనా పెత్తనం ఆవిడదే. అరవలేదు. అరిస్తేనే బాగుండేది. "మాయా, వచ్చి ఇవి తీసుకెళ్ళమ్మా. రేణు చూడకముందే. అసలే అది మంగళవారం నుంచి ఏమీ తినలేదు. నీళ్ళు కూడా గుక్కెడు మించి దిగట్లేదు. సాయంత్రంలోపు ఏదో ఒకటి తాగకపోతే హాస్పిటల్‌కి తీసుకెళ్ళి సెలైన్ పెట్టించాలన్నారు డాక్టర్‌గారు. బెడ్ మీద కట్టేసైనా సరే అంటున్నాడు జగన్మోహన్. వాడి మొహం చూడలేకపోతున్నా."

మాయ ఏడుస్తూనే డ్రైవ్ చేసింది.

ఆ ఇంటి ముందు, మంచు తీసిన దారి పక్కన, కనకదుర్గ ఆంటీ నిలబడి ఉంది. లావుపాటి కోటు, కింద చీర కుచ్చెళ్ళు, కాళ్ళకు మగవాళ్ళ బూట్లు. అవి పరంధామయ్యవి.

"ఆంటీ, ఎందుకు బయట ఉన్నారు? ఇట్స్ సో కోల్డ్."

"లక్ష్మీకాంతంగారు లోపలికి రావద్దని ఫోన్ చేశారు. బయట నిలబడద్దని చెప్పలేదు. అందుకని నిలబడ్డా. గంటైంది."

"ఎందుకు వద్దన్నారు?"

"నా నోరు మంచిది కాదు కదమ్మా" అంది ఆవిడ. నవ్వలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "వాళ్ళు అన్నదాంట్లోనూ తప్పులేదు. నోరు తెరిస్తే ఏం వస్తుందో నాకే తెలీదు."

మాయ ఒక క్షణం ఆలోచించింది. ఆ వారంలో తాను చేసిన తప్పు ఒకటి చాలు, ఇంకొకటి చేస్తే ఆ ఇంటివాళ్ళకు మళ్ళీ మొహం చూపించడం కుదరదు. అయినా రెండేళ్ళుగా తాను పుస్తకాల్లో వెతుకుతున్న మనిషి, మొగుడి బూట్లు వేసుకుని, గుమ్మం బయట చలికి వణుకుతూ నిలబడి ఉందేమోనని ఆమెకు తోచింది. ఆ తోచడం మాయకే పిచ్చిగా అనిపించింది. ఆవిడ చెయ్యి పట్టుకుని గరాజ్‌లోంచి లోపలికి తీసుకెళ్ళింది.

గరాజ్ తలుపు తీస్తే బూట్లూ కోట్లూ వదిలే చిన్న గది వస్తుంది. రేణు అక్కడే ఉంది. మంగళవారం నుంచి ఆ గదిలోనే ఉందట. గోడకు ఆద్య కోటు వేలాడుతోంది. కింద వరసగా ఆద్య బూట్లు. వాటి పక్కన చిన్న స్టూల్ మీద, తెల్లటి శాలువ నుదుటి మీదికి లాక్కుని, మొహం కనపడకుండా కూర్చుని ఉంది. మాయ గుమ్మంలోనే ఆగిపోయింది. రెండున్నర వేల ఏళ్ళ కిందటి పీట, ముసుగు, మౌనం, అన్నీ మిషిగన్‌లో ఒక కాలనీ ఇంట్లో, వాషింగ్ మెషీన్ పక్కన ఉన్నాయి. తాను చదివినదంతా కథ అనుకుంది. కథ కాదు, ఎవరో ఒకప్పుడు ఇలాంటి గుమ్మంలో నిలబడి చూసి రాసిందే అది.

వంటగదిలోంచి లక్ష్మీకాంతం ఆంటీ వచ్చి, కనకదుర్గ ఆంటీని చూసి, మాయ వైపు తిరిగింది. ఆ చూపుకు మాయ నేలలోకి కుంగిపోయింది. జగన్మోహన్ కాఫీ కప్పు పట్టుకుని వెనక నిలబడ్డాడు. ఆ కాఫీ పొద్దుటినుంచి నాలుగోసారి వేడిచేసింది.

కనకదుర్గ ఆంటీ ఎవరినీ చూడలేదు. కోటూ బూట్లూ విప్పి, గోడ పట్టుకుని, మోకాళ్ళు పటపటమంటుండగా, బూట్ల మధ్య నేలమీద కూలబడింది. "కూర్చోవడమైతే కూర్చున్నా. లేపడానికి మాత్రం ఇద్దరు కావాలి, ముందే చెప్తున్నా" అంది. రేణు కదల్లేదు. "ఈ మాయ చూడు, పెద్ద చదువు చదువుతోంది. చావింటికి బొబ్బట్లు పంపకూడదని దానికెవరూ చెప్పలేదు" అంది.

చావిల్లు అన్న మాటకు జగన్మోహన్ కాఫీ కప్పు వాషింగ్ మెషీన్ మీద పెట్టేశాడు. "కనకదుర్గగారూ, ఇంక చాలు. లేవండి" అంది లక్ష్మీకాంతం ఆంటీ గొంతు తగ్గించి. రేణు శాలువ అంచు కూడా కదల్లేదు. తీసుకొచ్చినందుకు మాయ తనను తాను తిట్టుకుంది.

కనకదుర్గ ఆంటీ లేవలేదు. ఎదురుగా ఉన్న బూటు ఒకటి తీసి, లేసు సవరించి, మళ్ళీ అక్కడే పెట్టింది.

"రేణమ్మా, నీ దగ్గర ఒక తప్పు ఒప్పుకోవాలి. పదేళ్ళ పైనే దాచాను. విన్నాక నన్ను గెంటేస్తానంటే గెంటేయి" అంది. "ఆద్య రెండో క్లాసులో ఉండగా ఒకరోజు నా లైన్‌లోకొచ్చి నిలబడింది. చేతిలో నువ్విచ్చిన డబ్బా. 'ఆంటీ, మీ లంచ్ నాకిస్తే నా లంచ్ మీకిస్తా' అంది. ఆ రోజు మా స్టాఫ్‌కి చికెన్ నగెట్స్."

లక్ష్మీకాంతం ఆంటీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రేణు ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

"ఇవ్వకూడదు. స్కూల్ రూల్ ఒప్పుకోదు, నీ ఇంటి ఆచారమూ ఒప్పుకోదు. తెలిస్తే నా ఉద్యోగం పోయేది, నీ గుమ్మం తొక్కనిచ్చేదానివి కాదు. కానీ ఆ మొహం చూసి కాదనలేకపోయా. ఇచ్చేశా. ఆ ఒక్కరోజే కాదు. మూడేళ్ళు. తిన్నాక నీళ్ళు పుక్కిలించి వచ్చి, నా మొహం మీద ఊదేది. 'ఆంటీ, స్మెల్ వస్తోందా?' అని. రావట్లేదని నేను ఒట్టేస్తే గానీ క్లాసుకి పోయేది కాదు."

ఆవిడ ఇంకో బూటు అందుకుని దాని లేసూ సవరించింది.

"మరి డబ్బా ఖాళీగా ఇంటికెళ్ళాలి కదా. అది నా వంతు. ఒకరోజు కాకరకాయ వేపుడు పెట్టావు. సాయంత్రం నీతో 'అమ్మా, కాకరకాయ సూపర్' అని చెప్పిందట. ఎందుకు చెప్పావే అని అడిగితే, 'అమ్మ హ్యాపీ అవుతుంది కదా ఆంటీ' అంది. నువ్వు హ్యాపీ అయ్యావు. బాగానే ఉంది. కానీ ఆ వారం నుంచి సోమవారం కాకరకాయ, బుధవారం కాకరకాయ, శుక్రవారం కాకరకాయ. గుళ్ళో కనపడిన వాళ్ళందరికీ చెప్పావు, మా పిల్ల అమెరికాలో పుట్టి కూడా కాకరకాయ అడిగి తింటుందని. నా దగ్గరికొచ్చి నాకూ చెప్పావు. నేనేమనను? నోట్లో ఇంకా ఆ చేదు పోలేదు. 'అదృష్టవంతురాలివమ్మా' అన్నా. నాకు షుగరుంది కదా. ఆ ఏడు రిపోర్టులు చూసి డాక్టరు కుర్చీలోంచి లేచాడు. ఏం మందు వాడుతున్నారండీ అని. ఏం చెప్పను? ఆద్య అని చెప్పనా?"

శాలువ కింద నుంచి గొంతు వినపడింది. బొంగురుపోయిన గొంతు. మూడు రోజుల్లో అదే మొదటి మాట.

"కాకరకాయ దానికి ఇష్టం."

"ఇష్టం లేదమ్మా. ఒక్క ముక్క నోట్లో పెట్టుకోలేదు."

"పోయిన నెల కాలేజీకి పంపాను. కాకరకాయ కారం. రెండు డబ్బాలు. అయిపోయింది, ఇంకా పంపమంది."

కనకదుర్గ ఆంటీ ఒక్క క్షణం తటపటాయించింది. "అవి మా ఇంట్లో ఉన్నాయి రేణమ్మా" అంది. "సెమిస్టర్ మొదలైన దగ్గర్నుంచీ, నువ్వు ఏది కట్టిచ్చినా కాలేజీకి పోతూ పోతూ నా గుమ్మంలో దింపేసి పోతోంది. ఒకటి అయిపోయింది. రెండోది సగంలో ఉంది."

అప్పుడు ఒక చప్పుడు వచ్చింది. రేణు భుజాలు కదిలాయి. ఏడుస్తోందని మాయ అనుకుంది. ఏడుపు కాదు. శాలువ జారిపోయింది, రేణు తల వెనక్కి గోడకు ఆనింది, నోరు తెరుచుకుంది. నవ్వుతోంది. మొదట గాలి, తర్వాత గొంతు, తర్వాత కడుపులోంచి వచ్చే పెద్ద నవ్వు. "దొంగ పిల్ల" అంది. "దొంగ పిల్ల, పదేళ్ళు" అంది. నవ్వుతుండగానే కళ్ళవెంట నీళ్ళు ధారకట్టాయి. అంత్యక్రియలప్పుడు కూడా రాని కన్నీళ్ళవి. కనకదుర్గ ఆంటీ కూర్చున్నచోటనే ముందుకు జరిగి, ఆమె తల తన ఒళ్ళోకి తీసుకుంది.

జగన్మోహన్ గోడకు చేరబడి, చిన్నపిల్లాడిలా మొహం చేతుల్లో దాచుకున్నాడు.

మాయ అంత గొప్ప సంగతి పుట్టాక ఎన్నడూ చూడలేదు. కూతురి గురించి ఇక కొత్తగా తెలిసేది ఏదీ లేదని, ఉన్నదంతా అయిపోయిందని ఒక తల్లి ముసుగు కప్పుకుని కూర్చుంటే, ఒక ముసలావిడ వచ్చి ఆమెకు తెలియని కూతుర్ని చేతిలో పెట్టింది. నగెట్లు తినే కూతురు, అబద్ధమాడే కూతురు, అమ్మ సంతోషం కోసం అబద్ధమాడే కూతురు. ఇయాంబే కూడా ఆ పోయిన పిల్ల గురించే ఏదో చెప్పి ఉంటుందా? ఏమో. చెప్పినా, ఆ మాట ఆ గది దాటితే చప్పబడిపోతుందని కవికి తెలిసి ఉంటుంది. తెలియక దాటేశాడని తాను అనుకున్నందుకు మాయకు సిగ్గేసింది.

జగన్మోహన్ కళ్ళు తుడుచుకుని, కాఫీ కప్పు మళ్ళీ అందుకుని ముందుకు చాచాడు. రేణు తల అడ్డంగా ఊపింది. "కాఫీ వద్దు. మజ్జిగ ఉంటే ఇవ్వండి. పలచగా."

ఆ దేవత కూడా ఇచ్చిన ద్రాక్షసారా వద్దని, తనకు కావలసింది తానే అడిగి తాగిందని మాయకు గుర్తొచ్చి, గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. ఈలోపు లక్ష్మీకాంతం ఆంటీ ఎవరికీ చెప్పకుండా వంటగదిలోకి పరుగెత్తి, పెరుగు గిలక్కొట్టి, ఉప్పు వేసి తెచ్చింది. రేణు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగింది. సగం తాగి ఆగి, "ఇంకా ఏం చేసేది?" అని అడిగింది.

కనకదుర్గ ఆంటీ చెప్పింది. కెఫెటేరియాలో పాలడబ్బాల మీద బొమ్మలు గీయడం, ఒక కుర్రాడు ఏడిపిస్తే వాడి ట్రేలో ఉప్పు పొట్లం దులపడం, పరంధామయ్య పోయినప్పుడు గ్రీటింగ్ కార్డు మీద 'అంకుల్‌కి రిమోట్ దొరికిందా?' అని రాసి ఇవ్వడం. అన్నిటికీ రేణు నవ్వలేదు. కొన్నిటికి ఏడ్చింది. రెండో గ్లాసు అడిగింది. నాలుగు గంటలకు జగన్మోహన్ డాక్టరుకు ఫోన్ చేసి, హాస్పిటల్ అక్కర్లేదని చెప్పాడు.

ఎండ వాలుతుండగా కనకదుర్గ ఆంటీ లేవబోయింది. ఇద్దరు పట్టి లేపారు. కోటు వేసుకుంది, పరంధామయ్య బూట్లు తొడుక్కుంది. ఎన్ని మర్యాదలు తప్పిన మనిషైనా ఈ ఒక్కటీ తప్పలేదు. మనిషి పోయిన ఇంటి నుంచి వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తానని చెప్పకూడదు, ఆ ఇంటివాళ్ళు రమ్మనకూడదు. మాట లేకుండా, వెనక్కి చూడకుండా వెళ్ళిపోవాలి. ఆవిడ మాట లేకుండానే తలుపు తీసింది. చల్లగాలి లోపలికి కొట్టింది.

రేణు స్టూల్ మీంచి లేచింది. ఎవరి సాయమూ తీసుకోకుండా లేచి, నాలుగడుగులు నడిచి, ఆవిడ కోటు వెనక నుంచి పట్టుకుంది.

"రేపు రండి ఆంటీ."

లక్ష్మీకాంతం ఆంటీ వారించబోయి, నోరు తెరిచి, మూసేసింది. కనకదుర్గ ఆంటీ తలుపు పట్టుకుని వెనక్కి తిరిగింది.

"వస్తానమ్మా" అంది. "రేపొస్తా. ఎల్లుండీ వస్తా."